జానెడు తుడిచిన చక్రం

మా తోడల్లుడు వీరేంద్ర సర్కిల్ ఇన్‌స్పెక్టరు. కేసు తేలిపోయిందనిపించిన వెంటనే టోపీ తీసి బల్ల మీద పెట్టి టీ తెప్పించుకుంటాడు. నేను స్టేషన్లో అడుగు పెట్టేసరికి టోపీ బల్ల మీద ఉంది, టీ గ్లాసు ఖాళీ అయింది. నాకు ఒళ్ళు మండింది. పొద్దున్నే మనిషిని జైలుకి పంపడం ఖాయం చేసేసి తీరిగ్గా కూర్చున్నాడన్నమాట.

వరండాలో పోలిరాజు పెళ్ళాం నూకాలమ్మ గోడకి ఆనుకుని కూర్చుంది. తెల్లారగానే మా ఇంటికొచ్చి నన్ను ఇక్కడికి లాక్కొచ్చింది ఆవిడే. నేను బ్రేక్ ఇన్‌స్పెక్టరుగా రిటైరయ్యాను. ఇప్పుడు ఎక్కడ బండి పల్టీ కొట్టినా, ఎందుకు కొట్టిందో తేల్చిపెట్టడం నా పని. ఇన్సూరెన్సు వాళ్ళు పిలిస్తే వెళతాను, పిలవకపోయినా వెళతాను. సాయంత్రం లోపల పోలిరాజుని మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. హత్యాయత్నం కేసు కాబట్టి అక్కణ్ణించి నేరుగా జైలు. ఆవిడకి కావలసింది ఒక్కటే, మొగుడు ఇంటికి రావాలి. ఆయన తప్పు చేసేడని మీకు తేలితే నేనే ఊరుకుంటానండి, చూసి చెప్పండి చాలు, అంది.

జరిగింది ఇది. మొన్న ఆదివారం కొత్తపేట అవతల, మూతపడ్డ రొయ్యల మేత కంపెనీ యార్డులో బైకు పందెం పెట్టారు. గంటసేపు ఆపకుండా తిరగాలి. మధ్యలో ఒక్కసారి మాత్రం పిట్‌లోకి, అంటే ఎవరి మెకానిక్కులు వాళ్ళ కోసం కాచుకుని ఉండే పందిరి కిందకి, వచ్చి వెనక చక్రం మార్చుకు తీరాలి. ముక్తేశ్వరం కుర్రాడు ప్రేమ్ కుమార్ అందరికంటే ముందున్నాడు. వచ్చాడు, చక్రం మార్చారు, వెళ్ళాడు. పిట్ దాటిన మొదటి మలుపులోనే బండి కింద నుంచి ఎవరో లాగేసినట్టు జారిపోయింది. తొడ ఎముక విరిగింది, తల గోడకి కొట్టుకుంది. ఇప్పటికీ అమలాపురం ఆసుపత్రిలో కళ్ళు తెరవలేదు. పోలీసులు చూస్తే కొత్త టైరు నిండా కొబ్బరినూనె, ఆ సంగతి ప్రేమ్ ఇంట్లోవాళ్ళకి కూడా పొక్కనివ్వలేదు. ఆ చక్రం బిగించింది పోలిరాజు. నిరుటి దాకా అతను రాజోలు పవన్ దగ్గర మెకానిక్కు. ఆదివారం పందెం గెలిచింది ఆ పవనే. మా తోడల్లుడికి ఇంతకంటే ఏం కావాలి?

"రండి అన్నయ్యగారూ," అన్నాడు వీరేంద్ర లేవకుండానే. "ఆలస్యమైపోయిందండి. కేసు అయిపోయింది."

అత్తారింట్లో పెద్దల్లుణ్ణని నాకు ముందు వడ్డిస్తారు. ఆ సంగతి ఇరవై ఏళ్ళుగా కడుపులో పెట్టుకున్నాడు వీడు. అందుకని నన్ను కూర్చోమని కూడా అనకుండా ఒక ప్లాస్టిక్ కవరు తీసి ఊపి చూపించాడు. అందులో నల్లటి గుడ్డ పీలిక. పోలిరాజు జేబులో దొరికిందిట, కొబ్బరినూనె కంపు కొడుతోందిట. నిన్న అరెస్టు చేసినప్పటి నుంచీ పోలిరాజు నోరు విప్పలేదు. రాయలేదనీ అనడు, రాశాననీ అనడు. తప్పు చెయ్యనివాడు ఎందుకు మాట్లాడడు అని వీరేంద్ర నన్నే అడిగాడు.

నేను కవరు తెరిచి గుడ్డ ముక్కు దగ్గర పెట్టుకున్నాను. కొబ్బరినూనె నిజమే. దాని అడుగున ఇంకో వాసన ఉంది. ముప్ఫై ఏళ్ళు బళ్ళ మధ్య తిరిగిన ముక్కు ఇది, పెట్రోలుని పోల్చుకోలేకపోతుందా? చక్రం చూపించమన్నాను.

"ఫోరెన్సిక్కుకి పంపాలండి, ముట్టుకోకూడదు."

"ముట్టుకోను. చూస్తాను. నువ్వు పక్కనే నిలబడు, నేను ఎత్తుకుపోకుండా."

కానిస్టేబుల్ ఎదురుగా మాట పెరగడం ఇష్టంలేక తాళాలు తీసుకుని లేచాడు.

సామాన్ల గదిలో గోనెపట్టా కప్పి మూడు వస్తువులున్నాయి. ప్రేమ్ బండి నుంచి విప్పిన పాత చక్రం, జారిన కొత్త చక్రం, చక్రానికి చుట్టే దుప్పటి. ఈ దుప్పటి సంగతి తెలియకపోతే మిగతాది అర్థం కాదు. పందెం టైరు చల్లగా ఉంటే నేలని పట్టుకోదు. అందుకని మార్చబోయే చక్రానికి కరెంటు తీగలున్న దుప్పటి చుట్టి, బిగించే క్షణం దాకా వేడిగా ఉంచుతారు.

ముందు పాత చక్రం చూశాను. మెత్తటి రబ్బరు టైరు. మెత్తటిది గట్టిగా పట్టుకుంటుంది, తొందరగా అరుగుతుంది. యార్డులో మలుపులన్నీ కుడివైపే, నేల గరుకు సిమెంటు. టైరు కుడి అంచు రబ్బరు లేచిపోయి ఉండలు కట్టేసింది. అనుకున్న దానికంటే చాలా ముందే పని అయిపోయిందన్నమాట. ప్రేమ్‌ని ఎప్పుడు పిలవాలనుకున్నారని అడిగాను. వీరేంద్రకి అదైనా తెలుసు. పందెం సగమయ్యాక పిలవాలని లెక్క వేసుకుని, చాలా ముందే పిలిచేశారుట. జట్టు నడిపేది ప్రేమ్ చెల్లెలు శారోన్, ఆ నిర్ణయం ఆ అమ్మాయిదే.

తర్వాత కొత్త చక్రం. అంచుల్లో రబ్బరు వెంట్రుకలు ఇంకా రాలలేదు, అంత కొత్తది. చుట్టూ నూనెకి ఎర్రదుమ్ము పట్టుకుని ముద్దయింది. నేను పట్టా మీద మోకాళ్ళేసి ఆ ముద్ద వెంబడే కళ్ళతో చక్రమంతా తిరిగాను. ఒక చోట ఆగిపోయాను. అక్కడ జానెడు మేర దుమ్ము లేదు, నూనె లేదు. నల్లటి రబ్బరు, దాని మీద అడ్డంగా గుడ్డతో గట్టిగా రుద్దిన చారలు.

"ఇదేమిటి?" అన్నాను.

"నేలకి రాసుకుపోయుంటుందండి."

"నేలకి రాసుకుంటే చక్రం తిరిగే వైపు చారలు పడతాయి. ఇవి అడ్డంగా ఉన్నాయి. ఎవరో పెట్రోలు గుడ్డతో తుడిచారు. జానెడు తుడిచేసరికి ఆపేశారు. నీ కవర్లో గుడ్డ వాసన చూడు."

చూశాడు. మొహం చిట్లించాడు గానీ ఒప్పుకోలేదు.

దుప్పటి లోపలివైపు తిరగేశాను. నూనె పీల్చుకుని ఈ కొస నుంచి ఆ కొస దాకా తడిసిపోయి ఉంది. వేడికి కాగి, అంబాజీపేటలో కొబ్బరి ఎండబెట్టే చోట వచ్చే వాసన వేస్తోంది. వీరేంద్రకి నెమ్మదిగా చెప్పాను, మరీ నెమ్మదిగా, మండేటట్టు. దుప్పటి విప్పాక నూనె రాసుంటే దుప్పటికి అంటదు. అంటింది గనక చుట్టక ముందే రాశారు. అంటే పందెం మొదలవక ముందు. మరి పోలిరాజు గుడ్డ తీసింది రాయడానికి కాదు, తుడవడానికి. కింద పడెయ్యాలనుకున్నవాడు కూర్చుని తుడుస్తాడా?

వీరేంద్ర తలుపు కేసి చూసి కానిస్టేబుల్ని బయటికి పంపేశాడు. "మరి వాడు ఆ మాట చెప్పచ్చు కదండీ. నిన్నటి నుంచి అడిగి అడిగి నా గొంతు పోయింది."

"నువ్వు అడిగావా, అరిచావా?"

"మీకు నేనంటే ఎప్పుడూ చులకనేనండి," అన్నాడు. అది నిజమే. ఆ మాట విని నాకు లోపల సంతోషంగా కూడా ఉంది. ఆ సంతోషాన్ని తలుచుకుంటే ఇప్పుడు నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

లాకప్పులో పోలిరాజు మూలకి ముడుచుకుని ఉన్నాడు. నలభైకి లోపు మనిషి. నన్ను చూసి లేచి నిలబడ్డాడు, నమస్కారం పెట్టాడు, తల మాత్రం ఎత్తలేదు. నేను చూసింది చూసినట్టు చెప్పాను. నూనె రాసింది నువ్వు కాదు, తుడవబోయింది నువ్వు, రాసిందెవరో నీకు తెలుసు. నూకాలమ్మ బయట కూర్చుందని చెప్పాను. సాయంత్రం ఆవిడ ఒక్కర్తే బస్సెక్కి ఇంటికి పోవాలని చెప్పాను. అప్పుడు గోడ వైపు తిరిగి ఏడ్చాడు.

"తుడిచేద్దామనే అనుకున్నానండి. ఆయ్. అంతా తుడిచేద్దామనే."

మిగతాది ముక్కలు ముక్కలుగా వచ్చింది. పందెం రోజు పొద్దున్న ప్రేమ్ తల్లి జయమ్మగారు పిట్‌లోకి వచ్చారు. పోలిరాజుకి చిన్నప్పుడు ఆవిడే పాఠాలు చెప్పారు. చర్చిలో ప్రార్థన చేయించిన కొబ్బరినూనె సీసా తెచ్చి, అబ్బాయి చక్రాలేవి నాయనా అని అడిగారు. వాళ్ళలో కొత్త బండి కొన్నా, కొత్త ఇంట్లోకి వెళ్ళినా ప్రార్థన నూనె ఒక చుక్క అంటించడం మామూలే. పోలిరాజు తనే స్టూలు వేసి, కొత్త చక్రం ఆవిడ ముందుకి దొర్లించాడు. చుక్కే కదా అనుకున్నాడు. ఆవిడ సీసా అరచేతిలోకి వంచుకుని, కళ్ళు మూసుకుని, చక్రం చుట్టూ రాసుకుంటూ పోయారు.

"వద్దనాల్సింది కదా," అన్నాను.

"టీచరమ్మగారిని ఎలా వద్దంటానండి? ప్రార్థన చేస్తా రాస్తన్నారు. ఆవిడ లేచెళ్ళేకా తుడిచేద్దారనుకున్నాను. ఆవిడ లెగలేదండి."

ఆవిడ ఆ చక్రం పక్కనే స్టూలు మీద కూర్చుండిపోయారు. పందెం మొదలైనా కళ్ళు తెరవలేదు, ప్రార్థన ఆపలేదు. పందేనికి ముందే దుప్పటి చుట్టమని శారోన్ కేకేస్తే, నూనె చక్రానికే చుట్టేశాడు. ఆవిడ పక్కనుండగా ఆ నూనె తుడవడానికి చెయ్యి రాలేదు. సగం దాకా టైముంది కదా అని గుడ్డ పెట్రోల్లో తడిపి జేబులో పెట్టుకుని కాచుకున్నాడు. చివరికి ఆవిడ మంచినీళ్ళకి లేచారు. దుప్పటి విప్పి జానెడు తుడిచాడో లేదో, ప్రేమ్ బండి పందిరి కింద ఆగింది. చక్రం, చక్రం అని అందరూ అరుస్తున్నారు. బిగించేశాడు.

"నోరు తెరిచి ఒక్క మాట చెప్పుంటే ఆగుదురండి," అన్నాడు. "సిగ్గేసిందండి. టీచరమ్మగారు చేసిన పని అంతమందిలో ఎలా చెప్పాలో తెలవలేదండి." వచ్చి నా కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. "ఆవిడకి చెప్పకండి బాబూ. కొడుకు ఇంకా కళ్ళు తెరవలేదు. ఇది వింటే ఆవిడ బతకరండి. నేను జైలుకెళ్తే ఏమవుద్దండి, మళ్ళీ వస్తాను."

చెప్పనని మాటిచ్చాను. అతని మొహం చూసి ఇవ్వకుండా ఉండలేకపోయాను. తోడల్లుణ్ణి ఓడిద్దామని హుషారుగా వచ్చిన మనిషిని, ఆ గదిలో నా చొక్కా ఇస్త్రీ మడతలు చూసుకుంటే నాకే సిగ్గేసింది.

వీరేంద్ర ఊచల అవతల నిలబడి అంతా విన్నాడు. అయినా పోలీసు పోలీసే. వీడు చెప్పింది కథ కాదని నమ్మకమేమిటి, ఆవిడ నోటితో వినాలి, అన్నాడు. ఆవిడకి సంగతి తెలియకూడదని నేను పట్టుబట్టాను. చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. పందెం రోజు ప్రార్థన ఎలా జరిగిందని మాత్రమే అడగాలి. ఎంత నూనె, ఎక్కడ రాశారు, అంతవరకే. ఎందుకు అడుగుతున్నామో చెప్పకూడదు. ఆవిడ ఔనంటే వీరేంద్ర పోలిరాజుని విడిచిపెట్టి, ప్రమాదమని రాసేస్తాడు. నూకాలమ్మతో సాయంత్రం ఇద్దరూ కలిసే వెళతారని చెప్పి జీపెక్కాను.

మేం ముక్తేశ్వరం చేరేసరికి చినుకులు మొదలయ్యాయి. ఇంటి ముందు శారోన్ స్కూటరుకి అన్నం క్యారేజీ తగిలించుకుంటోంది. రాత్రంతా అన్న దగ్గరుండి పొద్దున్నే బస్సులో వచ్చిన మేనత్తకి మారుగా ఇప్పుడు తను బయల్దేరుతోంది. పోలీసు జీపు చూసి ఆగింది గానీ ఏమీ అడగలేదు. నా దగ్గరికి వచ్చి, తనంతట తనే చెప్పింది.

"ముందే పిలిచింది నేనేనండి. టైరు అరిగిపోయి రబ్బరు ఉండలు రాలుతున్నాయి, చుట్టు చుట్టుకీ అన్నయ్య వేగం తగ్గిపోతోంది. పవన్ కంటే ముందు కొత్త టైరు మీదకి మార్చేస్తే, వాడు పాతదాని మీద ఈడ్చుకొచ్చేలోపు మనం దూరం పెంచేసుకోవచ్చని అనుకున్నాను. ఇంకో నాలుగు చుట్లు ఆగుంటే ఏమయ్యేదండీ? గెలవాలని ఆత్రపడ్డాను."

ఆమె లెక్క తప్పు కాదు. ఆ పాత టైరు నేను చూశాను, ఎవరైనా అప్పుడే పిలుస్తారు. ఆ మాట చెప్పాలని నోటిదాకా వచ్చింది. చెబితే మరి తప్పెక్కడ జరిగిందని అడుగుతుంది. ఏదో గొణిగి తప్పించుకున్నాను. ఆమె హెల్మెట్ పెట్టుకుని వెళ్ళిపోయింది.

జయమ్మగారు మమ్మల్ని కుర్చీల్లో కూర్చోబెట్టారు. కాఫీ తాగితే గానీ మాట్లాడనన్నారు. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయాయి, అయినా చీర కుచ్చిళ్ళు, మాట తీరు టీచరమ్మలాగే ఉన్నాయి. కాఫీ వచ్చింది. పోలిరాజుని ఎందుకు పట్టుకెళ్ళేరని వీరేంద్రని నిలదీశారు. వాడు నా దగ్గర చదువుకున్న పిల్లాడండి, చీమకి కూడా హాని చెయ్యడు, అన్నారు. వీరేంద్ర కాఫీ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు. ఇదంతా అయ్యాక నేను గొంతు సవరించుకుని, పందెం రోజు ప్రార్థన చేసుకున్నారటగా అమ్మా అని అడిగాను.

ఆవిడ మొహం కాస్త తేటపడింది.

"చేసుకున్నానండి. క్రితంసారి కోయంబత్తూరు పందేనికి వెళ్ళినప్పుడు చక్రానికి ఒక్క చుక్కే వేసేను. చెయ్యి విరగ్గొట్టుకుని వచ్చేడు. దేవుడి దగ్గర లోభం చేసేనని ఎంత బాధపడ్డానో. అందుకని ఈసారి సీసాడూ వేసేసి, చక్రం అంతా నిండుగా రాసేనండి."

నేను వీరేంద్ర వైపు చూశాను. విన్నావా అన్నట్టు చూశాను. వాడు తల ఊపాడు. పోలిరాజు ఇంటికెళ్ళిపోయినట్టే. ఇంక లేచి నమస్కారం పెట్టి వచ్చెయ్యాలి. కానీ నా వెధవ బుద్ధి, తోడల్లుడి చెవిలో ఇంకొంచెం గట్టిగా పడాలని, అంతా అంటే నేలకి తగిలే చోట కూడానా అమ్మా అని మళ్ళీ అడిగాను. ఎటువైపు నుంచి మొదలుపెట్టారని అడిగాను. చేత్తోనా గుడ్డతోనా అని అడిగాను. ఆవిడ పాపం పిల్లలకి పాఠం చెప్పినట్టు ఓపిగ్గా చేత్తో చూపిస్తూ చెప్పారు.

"అంత దెబ్బ తగిలినా ప్రాణం దక్కిందంటే ప్రభువు ఆ నూనె చూసేనండి," అన్నారు చివరికి. "అందుకే ఇవాళ పొద్దున్న పిల్ల స్కూటరుకి కూడా రెండు చక్రాలకీ నిండా రాసేను. రోజూ ఆసుపత్రికి తిరుగుతోంది కదండీ. చెప్తే విసుక్కుంటుందని చెప్పలేదు."

నేను లేచిన ఊపుకి కుర్చీ వెనక్కి పడిపోయింది. వీరేంద్ర అప్పటికే ఫోను తీశాడు. శారోన్ నంబరు అడిగితే ఆవిడ చెప్పారు. మోగుతోంది, ఎత్తడం లేదు. స్కూటరు నడుపుతూ ఎలా ఎత్తుతుంది? కాలవ లాకుల మలుపులో ఉండే కానిస్టేబుల్‌కి చేసి, ఎర్ర స్కూటరు మీద ఒక అమ్మాయి వస్తుంది, ఎలాగైనా ఆపమని అరిచాడు. బయట చినుకు కాస్తా వానయింది.

"ఏమైందండీ? పిల్లనెందుకు ఆపడం?" అన్నారు జయమ్మగారు.

వీరేంద్ర నన్ను చూశాడు. ఆవిడకి ఏ అబద్ధమైనా చెప్పచ్చు. కానీ నాకు స్కూటరు ఆగడం ఒక్కటే కావాలి, అది ఏ దారిన వెళుతుందో, అడ్డదారులేవో ఆవిడే చెప్పాలి, వెంటనే చెప్పాలి.

"నూనె ఉంటే చక్రం జారిపోతుందమ్మా. మలుపు తిరిగితే పడిపోతారు. అమ్మాయి ఏ దారిన వెళుతుందో చెప్పండి."

"కాలవగట్టు మీద నుంచేనండి," అన్నారు. అలవాటు కొద్దీ తడుముకోకుండా చెప్పేశారు. ఆ తర్వాత మాట అర్థమైంది. కుడి అరచెయ్యి ఒకసారి చూసుకుని, చీర కొంగులో దాచేసుకున్నారు.

"అయితే మా ప్రేమ్‌ని పడేసింది నేనేనాండీ?"

నోటికి ఎంత వస్తే అంత అనేసే మనిషిని నేను. కాదనాలి, కనీసం ఇప్పటికి కాదనాలి. తల వంచుకుని జీపు దగ్గరికి పరుగెత్తాను. ఆవిడ చెప్పులు కూడా వేసుకోకుండా వానలో మా వెనకే వచ్చి, వెనక సీట్లో ఎక్కి కూర్చున్నారు. దిగమని చెప్పే మొహం మా ఇద్దరికీ లేదు. వీరేంద్ర జీపు గట్టు మీదకి తిప్పాడు.

మొదటి మలుపులో ఎవరూ లేరు. రెండోదానిలో గేదెలు అడ్డం వచ్చాయి. అప్పుడు లాకుల దగ్గర నుంచి కానిస్టేబుల్ ఫోను చేశాడు. పొద్దుటి నుంచీ అక్కడే ఉన్నాడట, ఎర్ర స్కూటరు ఏదీ ఇంతవరకూ అటు రాలేదట. ఇంటి నుంచి లాకులకి అయిదు నిమిషాల దారి. మేం కాఫీలు తాగి, ఎటువైపు నుంచి రాశారమ్మా, చేత్తోనా గుడ్డతోనా అని నేను అడిగిందంతా కలుపుకుంటే, శారోన్ బయల్దేరి అరగంట కావస్తోంది.

జయమ్మగారు నా వంక చూస్తున్నారు. నేను కాలవ వైపు నీళ్ళలోకే చూస్తున్నాను, వెనక్కి తిరగలేదు.